విశాఖలో ఉన్న భార్యను లేదా భర్తను కెనడా పీఆర్‌కి స్పాన్సర్ చేయడం: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

మా చెల్లికి కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తున్నారు. “బాబూ, మా అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు, అమ్మాయి కాగితాలు ఎక్కడ మొదలుపెట్టాలి?” ఫోన్లో చెప్పింది ఫోన్ పెట్టేయగానే ఎగిరిపోతుంది. అందుకే వరసగా రాస్తున్నాను.

స్పాన్సర్ (పిలిపించుకునేవాళ్లు) కెనడాలో ఉన్నారు, భార్య లేదా భర్త విశాఖలో ఉన్నారు అనుకుని రాసింది ఇది. క్విబెక్‌లో ఉండేవాళ్లకి పద్ధతి వేరు, వాళ్లు దీన్ని పట్టుకోవద్దు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఫారాలు నింపడం ఇందులో తేలిక పని. ఫైల్ చూసే ఆఫీసరు మన పెళ్లికి రాలేదు, మన బంతిలో భోంచేయలేదు, మన ఇంటిపేర్ల గొడవ ఆయనకి తెలియదు. ఆయనకి కనిపించేవి పేర్లు, తేదీలు. అవి ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే అక్కడే బండి ఆగుతుంది.

## 1. అసలు స్పాన్సర్ చేసే అర్హత ఉందా?

కాగితాలు పోగేసే ముందు అల్లుడిని గానీ కోడలిని గానీ ఈ ప్రశ్నలు అడగండి.

☐ వయసు 18 నిండిందా? ఇద్దరికీ నిండాలి.
☐ పీఆర్ అయితే కెనడాలోనే ఉంటున్నారా? పీఆర్ మీద ఉన్నవాళ్లు ఇండియాలో కూర్చుని స్పాన్సర్ చేయలేరు. పౌరులు చేయొచ్చు, కానీ తిరిగి కెనడా వెళ్లి ఉంటామని చూపించాలి.
☐ ప్రభుత్వం నుంచి సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటున్నారా? వైకల్యం వల్ల వచ్చేది తప్ప వేరేది తీసుకుంటుంటే కుదరదు.
☐ తను కూడా ఒకప్పుడు భార్యగా, భర్తగా స్పాన్సర్ అయి వెళ్లారా? అయితే పీఆర్ వచ్చి 5 ఏళ్లు దాటాలి.
☐ మొదటి పెళ్లి ఉండి విడాకులయ్యాయా? కోర్టు డిక్రీ చేతిలో ఉండాలి. పెద్దమనుషుల దగ్గర రాసుకున్న కాగితాన్ని నమ్ముకుని ముందుకెళ్లకండి.

జీతం ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. భార్యనో భర్తనో మాత్రమే పిలిపించుకునేటప్పుడు మామూలుగా కనీస ఆదాయం షరతు లేదు. కానీ భార్యకి పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు ఆమె అవసరాలకి నాదే బాధ్యత అని రాసివ్వాలి. మధ్యలో విడిపోయినా ఆ బాధ్యత పోదు. సంతకం పెట్టేవాళ్లకి ఇది ముందే తెలియాలి.

మన కుర్రాళ్లు ఎక్కువగా పడే గోతి ఇంకొకటుంది. పీఆర్‌కి అప్లై చేసి, ల్యాండ్ అయ్యేలోపు (పీఆర్ చేతికి వచ్చేలోపు) ఇక్కడికొచ్చి పెళ్లి చేసుకుంటారు. ఇప్పుడు చెబితే ఫైల్ లేటవుతుందని పెళ్లి కానట్టే వెళ్లి ల్యాండ్ అవుతారు. అలా చెప్పకుండా దాచిన భార్యను తర్వాత ఫ్యామిలీ క్లాసులో (కుటుంబ సభ్యుల్ని పిలిపించుకునే కేటగిరీలో) స్పాన్సర్ చేయడానికి అక్కడి రూల్స్‌లో 117(9)(డి) అనే క్లాజు అడ్డొస్తుంది. మీ సంగతి ఇదే అయితే ఈ మార్గదర్శిని ఇక్కడే ఆపి, అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. పెళ్లి ఇంకా కాలేదా, ల్యాండింగూ కాలేదా? పెళ్లవగానే అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకి చెప్పేయండి. లేటైతే అవనివ్వండి.

## 2. పెళ్లి రిజిస్ట్రేషన్: పెళ్లికొడుకు విమానం ఎక్కకముందే

శుభలేఖ, వీడియో, సింహాచలం కొండ మీద పెళ్లయితే దేవస్థానం రసీదు, ఇవన్నీ రుజువులే. కానీ ఫైల్‌కి మూలం సబ్-రిజిస్ట్రార్ ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు.

వేరే వేరే మతాలైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది, నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి. మూడు వారాల సెలవు మీద వచ్చిన పెళ్లికొడుకు అప్పుడు మొదలుపెడితే అయ్యే పని కాదు. ముందే లెక్క చూసుకోండి.

వెంట తీసుకెళ్లేవి:

☐ ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టులు
☐ టెన్త్ మెమో లేదా బర్త్ సర్టిఫికెట్
☐ శుభలేఖ, తాళి కడుతున్న ఫోటో
☐ గుర్తింపు కార్డులతో ముగ్గురు సాక్షులు

పెళ్లి జరిగిన మండపం ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ముందే కనుక్కోండి. ఇల్లు గాజువాకలో, మండపం మధురవాడలో ఉంటే ఇంటి దగ్గరి ఆఫీసుకి వెళ్లి వెనక్కి తిరగాల్సి రావచ్చు.

సర్టిఫికెట్ చేతికివ్వగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి. మేం చదవలేదు. ఫోటోలు దిగి, పూతరేకులు పంచి, కవర్లో పెట్టుకుని వచ్చేశాం. బావ టొరంటోలో దిగాక స్కాన్ పంపితే తనే చూశాడు: పుట్టిన సంవత్సరం 1991కి బదులు 1997 పడింది. ఒక్క అంకె దిద్దించడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. చదవకపోవడం మా తప్పే.

ఇంకో మాట. పెళ్లికొడుకు అక్కడ, పెళ్లికూతురు ఇక్కడ ఉండి వీడియో కాల్లో చేసుకున్న పెళ్లిని కెనడా ఇమ్మిగ్రేషన్ ఒప్పుకోదు. ఇద్దరూ ఒకేచోట స్వయంగా ఉండాలి.

## 3. పేర్ల పట్టిక వేయండి

ఏ ఫారం తెరవకముందే ఒక తెల్లకాగితం మీద గళ్లు గీయండి. ఎడమవైపు కాగితాల పేర్లు: పాస్‌పోర్ట్, ఆధార్, పాన్, టెన్త్ మెమో, డిగ్రీ, మ్యారేజ్ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం. పైన: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిష్ స్పెల్లింగుతో సహా దించండి.

మా చెల్లికి నాలుగు రకాలు తేలాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. ఆధార్లో పెళ్లయిన నెలకే మా వాళ్లు ఉత్సాహంగా మార్పించిన అత్తవారి ఇంటిపేరు. పేరులోని లక్ష్మి ఒకచోట ‘కెఎస్‌హెచ్’తో, ఒకచోట ‘ఎక్స్’తో.

దీనికి చేయాల్సింది ఇంతే:

- ప్రతి ఫారంలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. మిగతా రూపాలన్నీ, పుట్టింటి పేరుతో సహా, ‘ఇతర పేర్లు వాడారా’ అన్న ప్రశ్న దగ్గర చూపించాలి.
- స్పెల్లింగు తేడాలకి ‘ఈ పేర్లన్నీ ఒకే మనిషివి’ అని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకోవాలి.
- ఫైల్ నడుస్తుండగా పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చడానికి వెళ్లకండి. ఆ ముచ్చట పీఆర్ వచ్చాక తీర్చుకోవచ్చు.
- పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, పేరు మొత్తాన్ని ఫారంలో ఇంటిపేరు గడిలో రాసి, పేరు గడి ఖాళీగా వదలాలి. చూడ్డానికి వింతగా ఉంటుంది, అక్కడి సూచన మాత్రం అదే.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో బీరువా కింది అర తడిసి మెమోల మీద సిరా పాకింది. విశాఖలో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి. చదవడానికి రాని సర్టిఫికెట్ ఏదైనా ఉంటే డూప్లికేటుకి ఇప్పుడే పెట్టండి.

## 4. తేదీల పట్టిక: పదేళ్లు, ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా

ఐఎంఎం 5669 అనే ఫారం గత 10 ఏళ్లలో ఏం చేశారో, ఎక్కడ ఉన్నారో నెలతో సహా అడుగుతుంది. 18 నిండి పదేళ్లు కాకపోతే 18 నుంచి రాయాలి. మన వాళ్లు చదువు, ఉద్యోగం రాసి మధ్యలో ఖాళీ వదిలేస్తారు. డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగ్ తీసుకున్న ఎనిమిది నెలలు, ఉద్యోగం మానేసి పెళ్లి దాకా ఇంట్లో ఉన్న నెలలు, అన్నీ రాయాలి. ‘ఉద్యోగం లేదు, తల్లిదండ్రులతో ఇంట్లో’ అని రాయడం నామోషీ కాదు.

హాస్టల్ కూడా చిరునామానే. ఇంజినీరింగ్ నాలుగేళ్లు వేరే ఊళ్లో ఉండి, చిరునామా మాత్రం పదేళ్లూ ఎంవీపీ కాలనీ అని రాస్తే కాలేజీ సర్టిఫికెట్టే మిమ్మల్ని పట్టిస్తుంది.

ఇక ముహూర్తం సంగతి. మన శుభలేఖల్లో ‘శనివారం రాత్రి 1.20 గంటలకు, తెల్లవారితే ఆదివారం’ అని ఉంటుంది. సర్టిఫికెట్ ఆదివారం తేదీ చూపిస్తే, కార్డు శనివారం అంటుంది, ఫోటో ఆల్బం మీద ఇంకోటి ఉంటుంది. ఆఫీసరుకి ఇది రెండు వేరే పెళ్లి తేదీల్లా కనిపిస్తుంది. ఫారాలన్నిటిలో సర్టిఫికెట్ మీది తేదీ రాసి, అర్ధరాత్రి దాటిన ముహూర్తం వల్ల కార్డు మీద ముందు రోజు పడిందని వివరణ లేఖలో రెండు వాక్యాలు రాయండి.

## 5. ఏ ఫారం దేనికి

- ఐఎంఎం 1344: స్పాన్సర్ దరఖాస్తు, బాధ్యత పత్రం.
- ఐఎంఎం 5532: మీ ఇద్దరి సంబంధం కథ. ఇదే గుండెకాయ.
- ఐఎంఎం 0008: పీఆర్ ప్రధాన దరఖాస్తు.
- ఐఎంఎం 5669: పైన చెప్పిన పదేళ్ల చరిత్ర.
- ఐఎంఎం 5406: కుటుంబ సభ్యుల వివరాలు. తోబుట్టువుల్ని, చనిపోయిన తల్లిదండ్రుల్ని కూడా రాయాలి.
- ఐఎంఎం 5533: చెక్‌లిస్టు. మిగతావన్నీ దీని వరసలోనే సర్దండి.

పీడీఎఫ్ ఫారాలు ఫోన్లో తెరిస్తే ‘ప్లీజ్ వెయిట్’ అని చూపించి అక్కడే కూర్చుంటాయి. ఫైల్ పాడవలేదు. కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేసి అడోబి రీడర్‌లో తెరవాలి.

5532లో మొదటిసారి ఎప్పుడు ఎక్కడ కలిశారు, ఎవరు పరిచయం చేశారు, వేడుకలు ఏం జరిగాయి, ఎవరొచ్చారు అని అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి చాలామంది జంకుతారు, ‘ప్రేమ అని రాస్తే బాగుంటుందేమో’ అంటారు. రాయకండి. అబద్ధం బయటపడితే 5 ఏళ్లు కెనడా తలుపు మూసుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు, తెలియనివాడికి అర్థమయ్యేలా చెప్పండి చాలు.

మా చెల్లి ఇలా రాసింది: విజయనగరంలోని పిన్ని ద్వారా సంబంధం వచ్చింది, ఫోటోలు జాతకాలు ఇచ్చిపుచ్చుకున్నారు, వీడియో కాల్లో మొదటిసారి మాట్లాడుకున్నారు, నాలుగు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నాక అబ్బాయి సెలవు మీద వచ్చాడు, వచ్చిన మూడో రోజు పెళ్లిచూపులు, తొమ్మిదో రోజు తాంబూలాలు, పదిహేడో రోజు పెళ్లి. చూసేవాళ్లకి ఈ వేగం అనుమానం కలిగిస్తుంది. అందుకే సెలవు 24 రోజులే అన్న కంపెనీ లేఖ జతచేసి, మంచి ముహూర్తం ఆ వారంలోనే కుదిరిందని రాసింది.

## 6. సంబంధం నిజమని చూపించే రుజువులు

ఫోటోలు 20కి మించొద్దని, ఇద్దరూ మాట్లాడుకున్న రుజువులు 10 పేజీలకి మించొద్దని చెక్‌లిస్టు చెబుతుంది. పరిమితి మంచిదే, లేకపోతే ఆల్బం మొత్తం స్కాన్ చేసేస్తారు.

ఇరవైలో పదిహేను మండపం ఫోటోలైతే దండగ. మా లెక్క ఇది: జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు కలిపి నాలుగు, రెండు వైపుల తల్లిదండ్రులతో మూడు, బంధువుల గుంపుతో రెండు, రిసెప్షన్, సత్యనారాయణ వ్రతం నుంచి మూడు, అరకు, ఆర్కే బీచ్ లాంటి చోట ఇద్దరూ మామూలు బట్టల్లో ఉన్నవి నాలుగు, తర్వాత బావ మళ్లీ వచ్చినప్పటివి నాలుగు. ప్రతి ఫోటో కింద తేదీ, చోటు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయండి. జీలకర్ర బెల్లం అంటే ఏంటో ఒక లైను రాయండి, ఆఫీసరుకి అది తల మీద చెయ్యి పెట్టుకున్న ఫోటో మాత్రమే.

చాట్లు ఒక్క రోజువి పది పేజీలు ఇవ్వకండి. నెలకో పేజీ చొప్పున పరచండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు కూడా తెలుగే, అనువాదం కావాలి. కాబట్టి తక్కువ మాటలు, ఎక్కువ కాల్ హిస్టరీ ఉన్న పేజీలు ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుంది.

అనువాదాలు ఇంట్లోవాళ్లు చేయకూడదు, ఎంత బాగా వచ్చినా. బయటి అనువాదకుడు చేసి అఫిడవిట్ ఇవ్వాలి.

వీటితోపాటు భర్త పంపిన డబ్బుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సులో నామినీగా భార్య పేరు, విమానం టికెట్లు బలమైన కాగితాలు.

## 7. పీసీసీ, ఫోటో, ఫీజు, అప్‌లోడ్

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) చివర్లో తీసుకోండి. ఇండియాలో ఉంటున్నవాళ్లకి దరఖాస్తు పెట్టే రోజుకి అది 6 నెలల లోపుదై ఉండాలి. తొందరపడి మొదట్లోనే తీసుకుంటే మిగతావి సర్దేలోపు గడువు దాటుతుంది. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో 500 రూపాయలు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పాస్‌పోర్టులో పుట్టింటి చిరునామా ఉండి, ఇప్పుడు అత్తవారింట్లో ఉంటే ఇప్పటి చిరునామాకి పోలీసు విచారణ వస్తుంది, రుజువు కాగితం సిద్ధంగా ఉంచండి. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో వరుసగా 6 నెలలు గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లకి ఆ దేశం సర్టిఫికెట్ కూడా కావాలి. దానికి నెలలు పట్టొచ్చు, దాన్ని మాత్రం ముందే మొదలుపెట్టండి.

ఫోటో: స్టూడియోలో ‘పాస్‌పోర్ట్ సైజు’ అంటే మామూలుది ఇచ్చేస్తారు. పీఆర్‌కి 50 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. ఎత్తు, ముఖం 31 నుంచి 36 మి.మీ. మధ్య ఉండాలి. చీటీ మీద రాసుకెళ్లి చూపించండి.

ఫీజు: 2024 ఏప్రిల్ 30 నుంచి వచ్చిన రేట్లలో స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575, మొత్తం 1,205 కెనడా డాలర్లు ఉండేది. బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) 85 అదనం. రెండేళ్లకోసారి పెంచుతారు కాబట్టి కట్టే రోజు వెబ్‌సైట్లో ఉన్న అంకె చూసి కట్టండి. తక్కువ కడితే ఫైల్ తిరిగొస్తుంది.

దరఖాస్తు ఆన్‌లైన్ పీఆర్ పోర్టల్లో. అకౌంటు పిలిపించుకునేవాళ్ల పేరున కాదు, వెళ్లేవాళ్ల పేరున తెరవాలి.

ఏజెంటు అవసరమా? మామూలు ఫైల్ అయితే అక్కర్లేదనే నా అభిప్రాయం. పెట్టుకుంటే మాత్రం ద్వారకానగర్‌లో బోర్డు ఎంత పెద్దదో చూడకండి. డబ్బు తీసుకుని ఈ పని చేసే హక్కు కెనడాలో లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్లకి, లాయర్లకే ఉంది. ఆ జాబితా ఆన్‌లైన్లో ఉంటుంది, పేరు వెతకండి. ‘నా పేరు ఫైల్లో పెట్టక్కర్లేదు’ అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

## 8. పెట్టాక వచ్చే ఉత్తరాలు

ముందు ఫైల్ అందిందని ఒక లేఖ. తర్వాత బయోమెట్రిక్స్, దానికి 30 రోజులు గడువు. కేంద్రం విశాఖలో లేదు, మనకి హైదరాబాద్ లేదా చెన్నై. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్, పని చూసుకుని ఆ రాత్రికే తిరిగి రావచ్చు. ముందు రోజు గోరింటాకు పెట్టుకోకండి, వేలిముద్రలు సరిగ్గా పడకపోతే మళ్లీ రావాల్సిందే.

మెడికల్ కూడా లేఖ వచ్చాకే, అదీ కెనడా ప్యానెల్లో ఉన్న డాక్టరు దగ్గరే. మన ఫ్యామిలీ డాక్టరు రాసిచ్చింది చెల్లదు. ఫలితం 12 నెలలు పనిచేస్తుంది.

మామూలు ఫైల్‌కి 12 నెలలని వాళ్లే పెట్టుకున్న లక్ష్యం, అంతకు మించి పట్టడమూ ఉంది. ఈలోపు విజిటర్ వీసాకి పెట్టొచ్చు. పీఆర్ ఫైల్ ఉన్న సంగతి అందులో దాచకూడదు.

మధ్యలో పాస్‌పోర్ట్ మారినా, ఇల్లు మారినా, బిడ్డ కడుపున పడినా వెంటనే తెలియజేయండి. ఆఖరిది మరీ ముఖ్యం. పుట్టిన బిడ్డని చెప్పకపోతే మొదట్లో చెప్పిన గోతిలోనే పడతారు.

తిరస్కరిస్తే? బయటి నుంచి పెట్టిన ఫ్యామిలీ క్లాసు ఫైల్‌కి అప్పీలు హక్కు ఉంది. లేఖ అందిన 30 రోజుల్లో స్పాన్సరే అప్పీలు వేయాలి. కెనడాలో ఉండి ‘ఇన్‌ల్యాండ్’ కింద పెట్టినవాళ్లకి ఆ హక్కు లేదు.

## 9. పాస్‌పోర్ట్ పంపమన్నాక

పీఆర్ నిర్ధారణ పత్రం మీద గడువు తేదీ ఉంటుంది. శ్రావణ మాసం పోనివ్వండి, మంచిరోజు చూద్దాం అంటూ ఆ తేదీ దాటించకండి. పంతులుగారికి ముందు ఆ తేదీ చూపించండి.

ఆడపిల్లల విషయంలో అసలు పని బంగారం. తీసుకెళ్లే నగలన్నీ ఒక్కొక్కటి ఫోటో తీయించి, షాపు దగ్గర బరువు, విలువ రాయించుకోండి. కెనడాలో దిగినప్పుడు బీఎస్‌ఎఫ్ 186 ఫారంలో (పాత పేరు బీ4) ఆ జాబితా ఇవ్వాలి. ఇప్పుడు తీసుకెళ్లకుండా అమ్మ దగ్గర ఉంచినవి కూడా ‘తర్వాత వచ్చే సామాను’ కింద అప్పుడే రాయించాలి, లేకపోతే తర్వాత తెచ్చుకునేటప్పుడు పన్ను పడుతుంది. తిరిగి ఇండియాకి పెట్టుకొచ్చే నగలకి ఇక్కడ విమానాశ్రయం కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. మా చెల్లి వంకీలు, హారం, నల్లపూసలు, నాలుగు జతల గాజులు రాయించి, చెవులకున్న బుట్టలు మర్చిపోయింది. కౌంటర్ దగ్గర పెన్ను అడిగి జాబితా చివర చేత్తో చేర్చింది.

పీఆర్ కార్డు కెనడా చిరునామాకే పోస్టులో వస్తుంది. ఆ చిరునామా 180 రోజుల్లోపు ఇవ్వకపోతే కార్డుకి విడిగా ఫీజు కట్టి పెట్టుకోవాలి.